కొలతకందిన కప్పలు

మబ్బుతోగు జాతీయ పార్కులో ఏ జంతువు ఎవరి అధీనంలో ఉందో తెలుసుకోవాలంటే అడవిలోకి వెళ్ళక్కర్లేదు. కొండ దిగువన పార్కు ఆఫీసు ఉంది. అందులో ఫైళ్ళు పంచే బల్ల ఉంది. ఆ బల్ల దగ్గర సూపరింటెండెంట్ అప్పలనర్సయ్య గారు కూర్చుని, వచ్చిన కాగితంలో మొదటి అంకె పక్కన ఏ కొలత రాసి ఉందో చూస్తారు. కిలోమీటర్లయితే వాహనాల విభాగం. హెక్టార్లయితే భూముల విభాగం. లీటర్లయితే డీజిలూ ఫినాయిలూ చూసుకునే స్టోర్సు. కాగితం మొత్తం చదివే పని లేదు. చదివితే ఆలస్యమవుతుందని వెనకటికొక డైరెక్టరు గారు పరిపాలనా సంస్కరణల ఊపులో ఈ పద్ధతి పెట్టి, అందుకొక పతకం కూడా పుచ్చుకుని బదిలీ మీద వెళ్ళిపోయారు.

పద్ధతి మంచిదే. ఫైలు ఒక్క పూట కూడా ఆగదు. కాకపోతే కొండచిలువ పొడవు మీటర్లలో ఉంటుంది కాబట్టి అది యూనిఫారాల గుడ్డ కొనే విభాగానికి వెళ్ళింది. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, ఎంతో తెలపవలసిందని ఆ విభాగం వారు తిరుగు టపాలో అడిగారు. అడవిదున్న బరువు క్వింటాళ్ళలో ఉందని దాన్ని రేషను గోదాముకి పంపితే, గోదాము గుమాస్తా "సరుకు ముట్టలేదు" అని రాసి సంతకం పెట్టాడు. వీటివల్ల కొండచిలువకి గానీ దున్నకి గానీ ఏ నష్టమూ రాలేదు. గుడ్డల వారికీ గోదాము వారికీ అడవిలోకి వెళ్ళే తీరిక లేకపోవడమే అందుకు కారణం.

తీరిక ఉన్న విభాగం ఒక్కటే ఉంది. అది శబ్ద నియంత్రణ విభాగం. పార్కులో జీపులు అడ్డూ అదుపూ లేకుండా హారన్లు కొడుతున్నాయని ఒకప్పుడు దాన్ని పెట్టారు. పెట్టిన ఏడాదే వానలకి కొండరోడ్డు కొట్టుకుపోయి జీపులు రావడం మానేశాయి. విభాగాధికారి పరాంకుశం గారు మాత్రం ఉండిపోయారు. ఆయనకి ఒక బల్ల, ఒక డెసిబెల్ మీటరు, "నిశ్శబ్దము పాటింపుడు" అని ఎర్రక్షరాలతో రాయించిన బోర్డులు గదినిండా ఉన్నాయి. ఉదయం వచ్చి మీటరు తుడిచి బల్ల మీద పెట్టేవారు, సాయంత్రం మళ్ళీ తుడిచి పెట్టెలో పెట్టేవారు. ఇన్నేళ్ళలో ఆయన గదికి ఒక్క ఫైలు రాలేదు. ఆఫీసువాళ్ళు వెనకాల నవ్వుకుంటారని ఆయనకి తెలుసు. ఆ నవ్వు పరిమితిలోనే ఉందని మీటరు పెట్టి చూసుకున్నారని కూడా అంటారు గానీ, అది గిట్టనివాళ్ళు పుట్టించిన మాటై ఉంటుంది.

ఇటువంటి పార్కుకి దుంపల సౌదామిని కప్పల మీద పరిశోధన చేయడానికి వచ్చింది.

విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పిల్ల. డాక్టరేటు కోసం వచ్చిందన్నది నిజమే గానీ, కప్పలంటే ఆ అమ్మాయికి నిజంగానే ప్రాణం. పార్కు పైభాగంలో పాలమడుగని ఒక రాతి గుంట ఉంది. ఆ గుంట చుట్టూ రాళ్ళ కింద బొటనవేలంత గోధుమరంగు కప్పలు ఎండాకాలమంతా పడుకుని, తొలి వానకి లేచి, చిన్న ఇత్తడి గంటలు కొట్టినట్టు కూస్తాయి. వాటిని కొండవాళ్ళు గంటకప్పలంటారు. సౌదామిని చుట్టుపక్కల వాగులన్నీ గాలించింది. ఆ కప్ప గుడ్లు పెట్టే చోటు పాలమడుగొక్కటే. ఆ ఒక్క గుంట పోతే గంటకప్ప అన్నది ఇక లేనట్టే. ఆ సంగతి తెలిసిన రోజు ఆమెకి అన్నం సయించలేదు.

మొదట్లో ఆమె తూర్పున ఉన్న జడలమెట్ట మీద కూడా వెతుకుతానని అనుమతి అడిగింది. అప్పలనర్సయ్య గారు తల అడ్డంగా ఊపారు. ఎప్పుడో సర్వేవాళ్ళు ఆ మెట్ట కొలవడానికెళితే తేనెటీగలు తరిమాయట. కొలత గొలుసు అక్కడే పారేసి దిగిపోయారు. అప్పట్నుంచీ దానికి హెక్టార్లు లేవు. హెక్టార్లు లేవు కాబట్టి విభాగం లేదు. విభాగం లేదు కాబట్టి అనుమతి ఇచ్చేవాళ్ళు లేరు, రోడ్డు వేసేవాళ్ళు లేరు, బంగళా కట్టేవాళ్ళు లేరు, ఏటా మొక్కలు నాటించి ఎండబెట్టేవాళ్ళూ లేరు. చెట్లు మాత్రం ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరిగాయి. సౌదామిని దూరం నుంచే దాన్ని చూసి నిట్టూర్చి తన పాలమడుగుకి వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యాయి. కప్పలు లేచాయి. ఆమె తడుస్తూ వణుకుతూ మీటర్లు పెట్టి, మైకులు పెట్టి, వాటి కూతలన్నీ రికార్డు చేసుకుంది. అనుమతి షరతుల ప్రకారం ఆఫీసుకి నివేదిక ఇవ్వాలి. అందులో సంతోషం పట్టలేక మొదటి వాక్యంలోనే రాసేసింది, పాలమడుగు వద్ద గంటకప్పల సామూహిక కూత గరిష్ఠంగా ఎనభై రెండు డెసిబెల్లు ఉన్నది, ఇది వాటి ఆరోగ్యానికి నిదర్శనము అని.

అప్పలనర్సయ్య గారు ఆ కాగితం చూసి కుర్చీలోంచి లేచారు. ఆయన ఫైలు కోసం లేవడం ఆఫీసులో ఎవరూ చూడలేదు. బంట్రోతు చేతికివ్వకుండా తానే వరండా చివరిదాకా నడిచి పరాంకుశం గారి బల్ల మీద పెట్టారు. పరాంకుశం గారు దాన్ని రెండు చేతులతో అందుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. చదవడానికి కూర్చున్నారు గానీ, నిదర్శనము అన్న మాట దాకా వెళ్ళలేదు. డెసిబెల్ల దగ్గరే ఆగిపోయారు.

మూడో రోజుకల్లా పాలమడుగు గట్టున పెద్ద బండ మీద నోటీసు అంటించి ఉంది. "ఇందుమూలముగా గంటకప్పలు అనబడు మీకు తెలియజేయునది ఏమనగా, నిశ్శబ్ద మండలమందు అనుమతింపబడిన నలుబది డెసిబెల్లకు మించి, అదియును సూర్యాస్తమయానంతరము, మీరు సామూహికముగా శబ్దము చేయుచున్నట్లు విశ్వసనీయమైన శాస్త్రీయ ఆధారము లభించినది. మీపై చర్య ఏల తీసికొనరాదో వారము దినములలోగా లిఖితపూర్వకముగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను." శాస్త్రీయ ఆధారమంటే తన నివేదికేనని తెలిసి సౌదామిని ఆ బండ మీదే కూలబడింది.

నోటీసు అంటించినవాడు పాంగి సోమన్న. మడుగు దగ్గర కాపలా అతనిదే. నోటీసు ముట్టినట్టు సంతకమో వేలిముద్రో తేవాలని చెప్పి పంపారట. అతను ఒక కప్పని పట్టి, కాలు స్టాంపు సిరాలో ముంచి, కాగితం మీద అద్ది తీసుకెళ్ళాడు.

"ఏటి సోమన్నా ఇది" అని సౌదామిని అడిగితే, "ఎడమ కాలే ఎట్టించానమ్మా, ఎడమ బొటనేలు కావాలన్నారు" అని వివరంగా చెప్పాడు. కప్పని తర్వాత శుభ్రంగా కడిగే వదిలాడని కూడా చెప్పాడు.

వారం గడిచింది. సంజాయిషీ రాలేదు. విచారణ పెట్టారు. డైరెక్టరు కొమ్మరాజు భైరవమూర్తి గారు అధ్యక్షత వహించారు. ఆయనకి ఫైలు పెద్దది కావడమన్నా, భోజనం వేళ దాటడమన్నా పడదు. ప్రతివాదులు ఎవరూ హాజరు కాలేదని పరాంకుశం గారు నమోదు చేయించి, వారి విషయం బయటపెట్టిన వ్యక్తిగా సౌదామినిని వారి సంరక్షకురాలిగా పరిగణించవచ్చునని మనవి చేశారు. పరిగణించారు. ఆమె లేచి, ఆ కప్పలు ఈ పార్కు పుట్టకముందు నుంచీ అక్కడ కూస్తున్నాయని చెప్పింది. అనాదిగా చేస్తున్న ఉల్లంఘన మరింత తీవ్రమైనదని పరాంకుశం గారు రాసుకున్నారు.

"అయ్యా, మగకప్ప కూస్తేనే ఆడకప్ప వస్తుంది. కూత లేకపోతే గుడ్లు లేవు. గుడ్లు లేకపోతే వచ్చే ఏడాదికి కప్పే లేదు" అంది సౌదామిని.

పరాంకుశం గారు సావధానంగా విన్నారు. ఆయన నిర్దయులు కారు. "నలుబది డెసిబెల్ల లోపు పిలుచుకొనుటకు ప్రభుత్వమునకు ఎట్టి అభ్యంతరమూ లేదు" అన్నారు.

భైరవమూర్తి గారు గడియారం చూసుకున్నారు. శబ్ద మూలము పాలమడుగే కనుక, వచ్చే ఎండాకాలంలో నీళ్ళు తగ్గినప్పుడు మడుగు అంచు రాయి పగలగొట్టి నీరు పోవడానికి దారి తీయవలసిందని, ఆ విధంగా ప్రతివాదులు గౌరవప్రదంగా వేరొక చోటికి తరలిపోయే అవకాశం కల్పించవలసిందని ఉత్తర్వు ఇచ్చారు. వేరొక చోటు లేదు మహాప్రభో అని సౌదామిని అంటూనే ఉంది. అప్పటికి భోజనాల గంట కొట్టారు.

ఆ సాయంత్రం ఆమె అప్పలనర్సయ్య గారి బల్ల ముందు నిలబడి ఏడ్చేసింది. మీరు ఆ కాగితం ఆయన గదికి ఎందుకు పంపారని నిలదీసింది. ఆయన నొచ్చుకున్నారు. ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఆయనను ఎందుకు పంపారని అడిగినవాళ్ళు లేరు, ఎక్కడికి పంపారనే అడిగేవారు.

"చూడమ్మా, నువ్వు డెసిబెల్లని రాశావు, నేను డెసిబెల్ల గదికి పంపాను. ఇంకోటి రాసుంటే ఇంకో గదికి పంపుదును. ఇందులో నాకేటి కోపం, నీకేటి కోపం" అన్నారు.

సౌదామిని ముక్కు తుడుచుకుంది. ఆయన తల వెనక గోడకి కొలతల పట్టిక వేలాడుతోంది. ఇన్నాళ్ళూ దాన్ని కాలెండరనుకుంది. దగ్గరికెళ్ళి పైనుంచి కిందిదాకా చదివింది. అడుగున, ఎప్పుడో సిబ్బంది పద్యనాటక పోటీలు పెట్టినప్పుడు చేర్చిన ఒక వరస ఉంది. శ్రుతి అయితే సాంస్కృతిక విభాగం.

మర్నాడే ఆమె బస్సెక్కి పార్వతీపురం వెళ్ళి, నాటకాలకి హార్మోనియం వాయించే ఒక ముసలి మాస్టారిని పట్టుకుంది. ఆయన చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టి కప్పల రికార్డింగు వినిపించింది. మాస్టారు కళ్ళు మూసుకుని, హార్మోనియం మెట్ల మీద వేళ్ళాడించి, ఆరున్నర శ్రుతి, వెంట్రుకవాసి తేడా లేదని తేల్చారు. ఈ కుర్రాడెవరో గానీ రాగం తీయడం నేర్పితే పనికొస్తాడని అన్నారు. సౌదామిని తిరిగొచ్చి సవరించిన నివేదిక ఇచ్చింది. గంటకప్పల కూత ఆరున్నర శ్రుతి. డెసిబెల్లన్న మాట ఎక్కడా లేదు.

సాంస్కృతిక విభాగాధికారిణి చామర్తి కనకవల్లి గారు. పట్టుచీర లేకుండా ఆఫీసుకి రారు, విశేషణం లేకుండా వాక్యం రాయరు. ఆమె చేతికి ఆ ఫైలు వెళ్ళగానే కప్పలు కప్పలు కావడం మానేసి, "ప్రకృతిమాత ఒడిలో ఒదిగిన అజ్ఞాత గాన తపస్వులు" అయ్యాయి. పరాంకుశం గారు మండిపడ్డారు. గానమైనా గోలైనా ఎనభై రెండు ఎనభై రెండేనని రాశారు. కచేరీలకు పరిమితి వర్తించదని, శబ్దాన్ని కళగా వర్గీకరించిన క్షణం నుంచి అది శబ్దం కాదని కనకవల్లి గారు జవాబు రాశారు. ఈ రెండు గదుల మధ్య చలికాలమంతా ఫైలు తిరిగింది. బంట్రోతుకి చెప్పులరిగాయి. చివరికి డైరెక్టరు గారు కనకవల్లి గారి వైపు మొగ్గారు. సన్మాన సభలో వేదిక మీద కుర్చీ ఉంటుంది, మడుగు పగలగొట్టేచోట ఉండదు.

మడుగు ఉత్తర్వు రద్దయింది. సౌదామిని మాడుగుల హల్వా తెప్పించి ఆఫీసంతా పంచింది. పరాంకుశం గారొక్కరే తినలేదు. తన జీవితంలో వచ్చిన ఒకే ఒక్క ఫైలు వెళ్ళిపోయింది కదా. హల్వా పొట్లం బల్ల మీద అలాగే పెట్టుకుని మీటరు తుడుచుకుంటూ కూర్చున్న ఆయన్ని చూసి సౌదామినికి జాలేసింది. గెలిచిన సంతోషంలో ఆ జాలి ఎక్కువసేపు నిలవలేదు.

సంతోషం కూడా ఎక్కువ రోజులు నిలవలేదనుకోండి. కళాకారులన్నాక ప్రదర్శన ఉండాలి, ప్రదర్శనన్నాక ముఖ్య అతిథి ఉండాలి. రాజధాని నుంచి వచ్చే పెద్దాయనకి తీరిక నడి వేసవిలోనే ఉంది. అందుచేత మండూక గాన మహోత్సవం నడి వేసవిలో పెట్టారు. కప్పలు తొలి వాన దాకా రాళ్ళ కింద నిద్రపోతాయని సౌదామిని కనకవల్లి గారితో మొరపెట్టుకుంది. కళాకారులకు విశ్రాంతి అవసరమేనని, అయితే గొంతు సవరించుకునేందుకు వీలుగా వారిని కాస్త ముందుగా లేపవలసిందని ఆమె మృదువుగా చెప్పారు. వాన లేకుండా లేవవంటే, వాన తెప్పిస్తామన్నారు.

వాన ట్యాంకర్లలో రావాలి. ట్యాంకర్లకి రోడ్డు కావాలి. కొట్టుకుపోయిన కొండరోడ్డు ఆగమేఘాల మీద వేసేశారు. ఇన్నేళ్ళ తర్వాత జీపులొచ్చాయి, లారీలొచ్చాయి, ఒకటే హారన్లు. పరాంకుశం గారు ఉత్సాహంగా మీటరు పట్టుకుని రోడ్డు మీదికెళ్ళారు. తొంభై దాటింది. పరుగున వచ్చి కాగితం పెట్టారు. సాంస్కృతిక కార్యక్రమానికి వచ్చే వాహనాల శబ్దం కూడా సాంస్కృతికమేనని కనకవల్లి గారు దాని మీద రాసి తిప్పి పంపారు. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూసి మడిచి జేబులో పెట్టుకున్నారు.

అతిథులు కూర్చోవాలి కాబట్టి మడుగు చుట్టూ సిమెంటు మెట్లు మొదలుపెట్టారు. మెట్లకి రాయి కావాలి. రాయి మడుగు గట్టునే ఉంది. మేస్త్రీలు గునపాలతో రాళ్ళు లేపుతుంటే కింద నిద్రపోతున్న గంటకప్పలు ఎండలో పడి, ఎటు పోవాలో తెలియక అక్కడే ముడుచుకుపోయాయి. సౌదామిని పరుగెత్తుకొచ్చేసరికి ఒక వైపు గట్టంతా అయిపోయింది. దొరికినవాటిని తడిగుడ్డలో ఏరుకుంది. చాలా వాటికి ఊపిరి లేదు. ఆమె ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని రెండో వైపు రాళ్ళ మీద కూర్చుండిపోయింది. లేవమన్నా లేవలేదు. మేస్త్రీ తల గోక్కుని, ఆడపిల్లని ఎలా లేపుతామని, ముందు ఈ వైపు కానిద్దామని వెళ్ళిపోయాడు. డెసిబెల్లయితే నీళ్ళే తీసేద్దామన్నారు, శ్రుతి అయితే రాళ్ళే లేపేశారు. రెండు కొలతలూ తానే తెచ్చిచ్చింది. ఆ పూటంతా ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

మహోత్సవం రోజు రానే వచ్చింది. పెద్దాయన వచ్చారు. దండలు పడ్డాయి. ట్యాంకర్లు మడుగు మీద పైపులతో వాన కురిపించాయి. ఫోకస్ లైట్లు వేశారు. కనకవల్లి గారు మైకులో, ఇప్పుడు అడవితల్లి ముద్దుబిడ్డలు తమ గళం విప్పుతారని ప్రకటించారు. అందరూ ఊపిరి బిగబట్టారు. మడుగులోంచి కిక్కురుమన్న శబ్దం లేదు. పెద్దాయన కాలు మీద కాలు మార్చుకున్నారు. భైరవమూర్తి గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. సౌదామిని మాత్రం ఆ నిశ్శబ్దం వింటూ, బుద్ధిగా పడుకోండర్రా అని లోలోపల వాటిని వేడుకుంది.

కనకవల్లి గారు అనుభవజ్ఞురాలు. ఆమె చేయి ఊపగానే పొదల వెనక నుంచి కప్పల కూత మొదలైంది. విజయనగరం నుంచి గొలుగూరి నాగభూషణం అనే మిమిక్రీ కళాకారుణ్ణి ముందుజాగ్రత్తగా పిలిపించి ఉంచారు. అతను రైలు, తుపాను, పాతకాలం హీరోలు, పెళ్ళిలో అలిగిన మామగారు, అన్నీ చేస్తాడు. కప్ప అతనికి ఒక లెక్క కాదు. ఒక్క కప్పతో మొదలుపెట్టి పది కప్పలు చేశాడు, కప్పల మధ్య తగువు చేశాడు, చివర్లో ఎవరూ అడక్కుండానే వాన వెలిసినట్టు కూడా చేశాడు. పెద్దాయన పరవశించిపోయారు. కళాకారుణ్ణి చూడాలన్నారు. దాచడానికి వీల్లేక నాగభూషణాన్ని వేదిక ఎక్కించి, కప్పల తరఫున అతనికే శాలువా కప్పారు.

"నేను చిన్నప్పుడు మా ఊళ్ళో విన్న కప్పలకంటే ఇవే నయం. ఉచ్చారణ స్పష్టంగా ఉంది" అన్నారు పెద్దాయన.

అక్కడికక్కడే వరాలు కురిశాయి. పాలమడుగు చుట్టూ నాలుగు వైపులా శాశ్వత గ్యాలరీ, మడుగు అడుగుకి సిమెంటు, వారం వారం ప్రదర్శన. నాగభూషణానికి ప్రతినిధి కళాకారుడన్న పేరుతో ఉద్యోగం. ఒక్కటే మిగిలింది. పరిశోధకురాలి తుది నివేదిక రావాలి. అది ఏ కొలతలో వస్తే ఆ విభాగం పని మొదలుపెడుతుంది. కప్పలెన్నో, శ్రుతి ఎంతో తేలితే దాన్ని బట్టి మెట్లు ఎన్నో తేలుతుందని భైరవమూర్తి గారు సౌదామినికి చిరునవ్వుతో చెప్పారు. ఆ నివేదికతోనే ఆమె డాక్టరేటు కూడా తేలుతుంది. గైడు గారు అప్పటికే ఫోను చేసి అంకెలు త్వరగా పంపమన్నారు.

సౌదామిని సగం మెట్లు కట్టిన మడుగు గట్టున కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అంకెలన్నీ ఆమె దగ్గరున్నాయి. ఏ కొలత రాయాలన్నదే ఆలోచన. కిలోల్లో రాస్తే గోదాముకి పోతుంది, వాళ్ళు ఈసారి సరుకు ముట్టలేదని ఊరుకోకపోవచ్చు. సెంటీమీటర్లలో రాస్తే గుడ్డల వాళ్ళకి పోతుంది. ఇప్పుడు రోడ్డుంది, ఏ విభాగం వాళ్ళయినా జీపెక్కి రాగలరు. తల పట్టుకుని పైకి చూసింది. ఎదురుగా జడలమెట్ట కనిపించింది. నడి వేసవిలో చుట్టూ కొండలన్నీ ఎండి మోడై ఉంటే అదొక్కటే పచ్చగా, ఎవరితోనూ పని లేనట్టుగా ఉంది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది.

మర్నాడు అప్పలనర్సయ్య గారు ఆ నివేదిక మొదటి పేజీ చూశారు. తిప్పి రెండో పేజీ చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదటికొచ్చారు. ముప్పయ్యేళ్ళలో మొదటిసారి ఆయన ఒక కాగితాన్ని ఆసాంతం చదివారు. పాలమడుగులో గంటకప్పలు ఉన్నాయి. ఎండాకాలం రాళ్ళ కింద పడుకుంటాయి. తొలి వానకి లేచి కూస్తాయి. ఆ రాళ్ళు అలాగే ఉండాలి. ఇలా సాగింది నివేదిక. ఒక్క అంకె లేదు. ఆఖరికి పేజీలకి కూడా నంబర్లు వేయలేదు.

ఆయన సౌదామినిని వెంటబెట్టుకుని డైరెక్టరు గారి గదికి వెళ్ళారు. భైరవమూర్తి గారు కాగితాలు అటూ ఇటూ తిప్పి, కప్పలు ఎన్ని అని అడిగారు.

"ఉన్నాయండి" అంది సౌదామిని.

"అదే, ఎన్ని? పోనీ సుమారుగా చెప్పు."

"సుమారుగా కూడా ఉన్నాయండి."

ఆయనకి చిరాకేసింది. అంకె లేకపోతే గ్యాలరీ ఫైలు కదలదన్నారు. అనుమతి పొడిగించడం కుదరదన్నారు. విశ్వవిద్యాలయం వారు అంకెల్లేని పరిశోధనను చెత్తబుట్టలో వేస్తారని, ఇన్నేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరవుతుందని, కన్నకూతురికి చెప్పినట్టు చెప్పారు. అది నిజమని ఆమెకి తెలుసు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంకెలు సంచిలోనే ఉన్నాయి, చెయ్యి పెట్టి తీస్తే చాలు. ఆమె సంచి మూతి గట్టిగా పట్టుకుని నిలబడింది.

"సరే, దీన్ని ఏ విభాగానికి పంపుతారో పంపండి" అని డైరెక్టరు గారు ఫైలు విసిరేశారు.

అప్పలనర్సయ్య గారు దాన్ని తీసుకుని దుమ్ము దులిపారు. సౌదామిని వైపు చూడకుండా, "విభాగం లేదండి. బీరువాలో జడలమెట్ట ఫైలు పక్కన పెడతాను" అన్నారు.

పెట్టేశారు. ఆ బీరువాలో పెట్టిన ఫైలు బయటికి రావాలంటే ఎవరో దానికి కొలత రాయాలి, కొలత రాయాలంటే ఏదో ఒక విభాగం ఆ ఫైలు అడగాలి, అడగాలంటే ముందు అది ఏ కొలతలో ఉందో తెలియాలి. గ్యాలరీ పని ఆగిపోయింది. మేస్త్రీలు వేరే పని చూసుకున్నారు. నాగభూషణానికి ఉద్యోగం మాత్రం పోలేదు. ఆదివారం ఆదివారం ఆఫీసు గేటు దగ్గర స్టూలు వేసుకుని సందర్శకులకి కప్పలు వినిపిస్తాడు. ఉభయ విభాగాల సమ్మతితో ఆరున్నర శ్రుతిలో, నలభై డెసిబెల్ల లోపు కూస్తాడు. అందరూ అతన్ని మెచ్చుకుంటారు. సౌదామినికి డాక్టరేటు రాలేదు. గైడు గారు ఫోను ఎత్తడం మానేశారు.

తొలి వాన పడిన రోజు ఆమె పెట్టె సర్దుకుని, వెళ్ళేముందు ఒకసారి పాలమడుగుకి వెళ్ళింది. మైకులు లేవు, మీటర్లు లేవు, చేతులు ఊపుకుంటూ వెళ్ళింది. సోమన్న గొడుగు పట్టుకుని వెనకే వచ్చాడు. సిమెంటు మెట్ల వైపు నీళ్ళు జారిపోతున్నాయే తప్ప ఏ అలికిడీ లేదు. ఆమె కూర్చుని కాపాడిన వైపు రాళ్ళ సందుల్లోంచి ముందు ఒక గంట మోగింది. ఆగింది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి ఆ గట్టంతా అందుకుంది. సౌదామిని వానలో నిలబడి ఏడ్చింది. సగం గట్టు పోయినందుకు ఏడ్చిందో, సగం మిగిలినందుకు ఏడ్చిందో ఆమెకే తెలియదు.

అంతలో కొత్త రోడ్డు మీద ఎవరో దగ్గుతూ ఎక్కివస్తున్న చప్పుడైంది. చూస్తే పరాంకుశం గారు. రెయిన్‌కోటు వేసుకుని, మీటరు పెట్టె చంకలో పెట్టుకుని వచ్చారు. సోమన్న బిక్కచచ్చి సౌదామిని మొహం చూశాడు. ఆ పెట్టె తెరిస్తే అంకె వస్తుంది, అంకె వస్తే ఫైలు బీరువాలోంచి బయటికొస్తుంది.

పరాంకుశం గారు మడుగు దగ్గరికొచ్చి నిలబడ్డారు. కొలవడానికి తప్ప ఆయన ఎప్పుడూ దేన్నీ వినలేదేమో, తల ఒక పక్కకి వంచి చాలాసేపు విన్నారు. పెట్టె మీద వాన పడుతోంది. ఆయన దాన్ని తెరవబోయి, హారన్లు సాంస్కృతికమేనని తిప్పి పంపిన ఆ పాత కాగితం జేబులో చేతికి తగిలితే, దాన్ని తీసి చూసుకుని మళ్ళీ మడిచి పెట్టుకున్నారు. పెట్టెని రెయిన్‌కోటు లోపలికి దోపుకున్నారు.

"చాలా గట్టిగా ఉందమ్మా" అన్నారు.

"అవునండీ" అంది సౌదామిని.

"చాలా అంటే" అని ఏదో చెప్పబోయి, ఆగి, "చాలా" అన్నారు.